హంసపాదు

మా నాన్నగారి పద్యాలు తెనాలిలో అచ్చుకిచ్చాను. రాతప్రతిలో అక్కడక్కడ చెదలు తిని అక్షరాలు పోయాయి. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి, ఇరవైయేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. యతులూ గణాలూ చూసుకుని నేనే పూరిస్తే పోలేదా అనుకున్నాను. మొన్న ఆదివారం ప్రూఫుల్లో హంసపాదులు పెట్టి అక్షరాలు ఇరికిస్తూంటే, బాపట్లలో చదువుతున్న మా మేనకోడలు వచ్చింది. రేపల్లె వెళ్ళాలంటే తెనాలిలో బండి మారాలి గదా, మధ్యలో మా యింట కాఫీ.

"మావయ్యా, కాలా అజార్ క్రిమి కూడా హంసపాదులు పెడుతుంది, తెలుసా?" అంది.

కాలా అజార్ అంటే ఇసుక ఈగ కాటువల్ల సోకే జ్వరం. వైద్యం అందకపోతే ప్రాణం తీస్తుంది. ఆ క్రిమిని 1903లో సీమలో లీష్మన్, మన మద్రాసులో డొనవన్ వేరువేరుగా గుర్తించారు. ఇద్దరి పేర్లూ కలిసి అది లీష్మేనియా డొనవానీ అయింది. దాని వొళ్ళంతా ఒక్కటే కణం.

ఆ కణానికి శక్తినిచ్చే కొలిమి మైటోకాండ్రియా. అందులోని కొన్ని జన్యువుల్లో అక్షరాలు లోపించి ఉంటాయి. ఉన్నదున్నట్టు చదివితే అర్థం కుదరదు. అంచేత క్రిమి ముందు ఆర్.ఎన్.ఏ. అనే నకలు తీసి, అందులో 'యు' అనే అక్షరాన్ని కొన్నిచోట్ల చేరుస్తుంది, కొన్నిచోట్ల కొట్టేస్తుంది. దీని చుట్టమైన ట్రిపనోసోమా నకల్లో ఇలాంటి నాలుగు చేర్పులను 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బెన్నే బృందం బయటపెట్టింది. రెండేళ్ళకల్లా సగానికి పైగా చేర్పులే ఉన్న నకలు ఒకటి దొరికింది!

"ఎక్కడ చేర్చాలో దానికెలా తెలుస్తుందే?" అన్నాను.

"సొంత పాండిత్యం కాదు మావయ్యా. చిన్నచిన్న ఆర్.ఎన్.ఏ.లు వేరే ఉంటాయి. వాటిని ఒరవడిగా పెట్టుకుని దిద్దుతుంది. 1990లో అమెరికాలో సింప్సన్‌గారి బృందం కనిపెట్టింది. మనిషి కణాల్లో ఈ తరహా దిద్దుబాటు లేదు. దాన్ని ఆపగలిగితే క్రిమి చస్తుంది, రోగి బతుకుతాడు. అలాంటి మందుకోసమే వెతుకుతున్నారు."

కాఫీ గ్లాసు కింద పెట్టి నా ప్రూఫుల వంక చూసింది.

"మరి మీ దగ్గర ఒరవడి ఉందా?"

నా కలం ఆగిపోయింది. నాన్నగారు పద్యం కుదిరిననాడల్లా ఒక కార్డు మీద రాసి రేపల్లెలో మా అక్కయ్యకు పంపేవారు. ఆవిడ వాటినన్నిటినీ ట్రంకుపెట్టెలో దాచుకుంది. నేనేమో ఎమ్మే పట్టా ఉందిగదా అని ఆయన నోట నా మాటలు పెడుతున్నాను!

పెట్టిన హంసపాదులన్నీ కొట్టేసి, మేనకోడలితో పాటు రేపల్లె బండి ఎక్కాను. కార్డుల్లో దొరికినవి చేరుస్తాను. దొరకనిచోట చుక్కలే అచ్చు వేయిస్తాను.