నర్సింగ్ చదవాలా అంటే ముందు వడ్డీ లెక్క వెయ్యండి



నేను విశాఖలో గిరిజన సంక్షేమ హాస్టల్‌లో ఉండి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది పాడేరు దగ్గర కొండ మీద ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. అమ్మానాన్నలకు సంతకం పెట్టడం వచ్చు, అంతే.

చెల్లి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసైంది. పోయిన వారం సంతలో ఒకాయన నాన్నను పట్టుకున్నాడట. పక్క రాష్ట్రంలో నర్సింగ్ కాలేజీ, సీటు గ్యారంటీ, ఇప్పుడు 20 వేలు కడితే చాలు, మిగతాది స్కాలర్‌షిప్‌లో సర్దుకుంటుంది అన్నాడట. ఆ రాత్రి నాన్న ఫోన్ చేసి, "నువ్వు చదువుతున్నావు కదమ్మా, చెల్లిని కూడా పంపేద్దామా?" అని అడిగాడు. నాకు వెంటనే అవుననడానికి నోరు రాలేదు. కాగితం తీసుకుని కూర్చుని లెక్క వేశాను. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి ఆ లెక్క ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఒక మాట. మన పిల్లలంతా నర్సింగ్ వైపు ఎందుకు చూస్తున్నారు? మా పెదనాన్న కాలంలో ఇంటర్ అయితే టీచర్ ట్రైనింగే. 2000లో వచ్చిన జీవో నంబర్ 3 వల్ల ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు మనవాళ్లకే ఉండేవి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటి నుంచి మన దారి ఒకటి మూసుకుపోయింది. ఇంకో దారి కావాలి. నర్సింగ్ ఆ దారే అని నేనూ నమ్ముతున్నాను, నమ్మే చేరాను. కానీ ఆ దారిలోకి ఏ గుమ్మం నుంచి వెళ్తున్నామన్నది చూసుకోవాలి.

నా గుమ్మం కన్వీనర్ కోటా. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది, హాస్టల్‌లో తిండికి డబ్బులు పెట్టక్కర్లేదు. అయినా ఊరికే అయిపోతోంది అనుకోకండి. యూనిఫాం, బూట్లు, పుస్తకాలు, రికార్డులు, బీపీ మిషన్, స్టెతస్కోపు, డ్యూటీకి వెళ్లే బస్సు చార్జీలు, ఇంటికి వచ్చిపోయే ఖర్చు కలిపి మొదటి ఏడాది నాకు 34 వేలు అయ్యింది. రెండో ఏడాది 22 వేలు. నాలుగేళ్లూ అయ్యేసరికి లక్ష దాటుతుంది. ఇది కాక లెక్కలో రాని ఖర్చు ఒకటుంది. డిసెంబరు, జనవరిలో కాఫీ పళ్లు కోసేటప్పుడు నేను ఇంట్లో ఉండను. నా బదులు కూలిమనిషిని పెట్టుకోవాలి, లేకపోతే అమ్మ ఒక్కతే చీకటి పడేదాకా కొయ్యాలి. ఉచిత చదువు అంటే ఇంత ఖర్చు. ఇది భరించవచ్చు, మా ఇల్లు భరిస్తోంది.

ఇప్పుడు సంతలో ఆయన చెప్పిన గుమ్మం సంగతి. మా పెదనాన్న కూతురు మూడేళ్ల కిందట ఇలాగే వెళ్లింది. కాలేజీ పేరు చెప్పను, ఏజెంటు పేరూ చెప్పను. ఏడాదికి 60 వేలే అన్నారు. చేరాక హాస్టల్ వేరు, యూనిఫాం వేరు, ఆసుపత్రిలో ప్రాక్టికల్స్‌కి వేరు, పరీక్ష ఫీజు వేరు. ఏడాది తిరిగేసరికి 1 లక్షా 30 వేలు అయ్యింది. వస్తుందన్న స్కాలర్‌షిప్ రాలేదు. రెండో ఏడాది మధ్యలో ఇంటికి వచ్చేసింది. టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ మాత్రం కాలేజీలోనే ఉండిపోయాయి, మిగతా ఫీజు కడితేనే ఇస్తామన్నారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. కానీ అక్కడిదాకా వెళ్లి కన్నడంలోనో ఇంగ్లిష్‌లోనో అడిగేది ఎవరు? అక్క ఇప్పుడు నర్సీపట్నంలో బట్టల కొట్లో పనిచేస్తోంది.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? మన భూమి 1/70 చట్టం కింద ఉంది, గిరిజనేతరులకు అమ్మడం కుదరదు. అందుకే షావుకారు భూమి అడగడు, పంట అడుగుతాడు. కాఫీ, మిరియాలు కోతకు రాకముందే ఆయనవి అయిపోతాయి. మా వైపు వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. ఏడాదికి 1 లక్షా 30 వేల చొప్పున నాలుగేళ్లకు 5 లక్షలు దాటుతుంది. 5 లక్షలకే లెక్క వేసినా నెల వడ్డీ 15 వేలు. మా కాలేజీలో చదువు అయిపోయిన సీనియర్ అక్కలకు ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదట ఇచ్చే జీతం 12 నుంచి 15 వేలు. అంటే రాత్రి డ్యూటీలు చేసి, తినకుండా, గది అద్దె కట్టకుండా, జీతం మొత్తం తెచ్చి ఇచ్చినా అది వడ్డీకే సరి. అసలు అలాగే ఉంటుంది. ఈ లెక్క చెప్పేసరికి నాన్న ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు.

"ప్రైవేటులో అంత తక్కువ ఎలా ఇస్తారు?" అని అడుగుతారు. ఇవ్వకూడదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకు ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఉండాలని, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20 వేలకు తగ్గకూడదని చెప్పింది. చెప్పింది కాగితం మీద ఉంది. అది అమలు చెయ్యమని అడగడం మన సంఘాల పని కూడా. కానీ చెల్లి చేరాల్సింది ఈ ఏడాది. ఇప్పుడు చేతికి వచ్చే జీతాన్ని బట్టే లెక్క వెయ్యాలి.

అలాగని నర్సింగ్ దండగ అనేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను. ప్రభుత్వ ఉద్యోగం వస్తే లెక్క మొత్తం మారిపోతుంది. ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ మూల వేతనమే 44,900 రూపాయలు. దానికి నార్‌సెట్ అనే పరీక్ష రాయాలి. బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ అయ్యాక నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకైతే 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. వయసు పరిమితి 30, మనకు ఇంకో ఐదేళ్ల సడలింపు. కేంద్రంలో ఎస్టీలకు 7.5 శాతం, మన రాష్ట్రంలో 6 శాతం రిజర్వేషన్ ఉంది. రాష్ట్రంలో స్టాఫ్ నర్సు పోస్టులు, విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో కాంట్రాక్టు పోస్టులు వేరే ఉన్నాయి. జర్మనీ వెళ్లే దారి కూడా ఉంది, కానీ ముందు ఆ భాష నేర్చుకుని పాసవ్వాలి.

చూడండి, ఇవన్నీ చదువు అయిన రోజే వచ్చేవి కావు. నోటిఫికేషన్ పడాలి, పరీక్ష రాయాలి, ఒకసారి కాకపోతే రెండోసారి రాయాలి. ఆ రెండు మూడేళ్లు 15 వేల జీతంతోనే గడపాలి. అప్పు లేని పిల్ల అలా గడపగలదు, పక్కన చదువుకోగలదు. నెత్తి మీద 5 లక్షలున్న పిల్ల చదవలేదు. రెండు డ్యూటీలు చేస్తుంది, పరీక్ష వాయిదా వేస్తుంది, చివరికి వయసు దాటిపోతుంది. అప్పు మన జీతాన్ని మాత్రమే తినదు, మన పరీక్షను కూడా తినేస్తుంది. నా అభిప్రాయం మొత్తం ఇదే.

అందుకని నాన్నకు ఇలా చెప్పాను. చెల్లి కన్వీనర్ కౌన్సెలింగ్‌కి అప్లికేషన్ పెడుతుంది. ఎస్టీలకు బైపీసీలో 40 శాతం మార్కులుంటే బీఎస్సీకి అర్హత ఉంది, దానికి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. సీటు వస్తే బీఎస్సీ. రాకపోతే ప్రభుత్వ స్కూల్లో మూడేళ్ల జీఎన్ఎంకి ప్రయత్నం, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే అదీ బీఎస్సీయే. రెండూ రాకపోతే ఒక ఏడాది ఆగడం. ఒక ఏడాది పోవడం 5 లక్షల అప్పు కన్నా చిన్న నష్టం.

ఏజెంట్లు వచ్చిన ఇళ్లవాళ్లకు కూడా ఒక మాట. డబ్బు కట్టకముందే నాలుగు సంగతులు అడగండి. ఇది కన్వీనర్ సీటా, మేనేజ్‌మెంట్ సీటా? నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? నాలుగేళ్ల మొత్తం ఖర్చు ఎంతో కాగితం మీద రాసి సంతకం పెడతారా? ప్రాక్టికల్స్‌కి ఏ ఆసుపత్రికి పంపిస్తారు? స్కాలర్‌షిప్ సంగతి మాత్రం ఏజెంటును అడగొద్దు, ఐటీడీఏ ఆఫీసుకి వెళ్లి అడగండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఇంకో విషయం డబ్బు లెక్కలోకి రాదు గానీ చెప్పాలి. మేం డ్యూటీకి వెళ్లే ఆసుపత్రిలో ఒకరోజు కాన్పు వార్డుకి మన వైపు అమ్మాయి వచ్చింది. కువి తప్ప ఇంకో మాట రాదు. అడిగినదానికల్లా తల ఊపుతోంది. నేను వెళ్లి కువిలో "నొప్పి ఎప్పటి నుంచి?" అనగానే నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. మన కొండల్లో ఇంకా డోలీలో మోసుకొస్తున్న గర్భిణులున్నారు. వాళ్లు దిగే చోట మన భాష తెలిసిన నర్సు ఉండాలి. అందుకే మన పిల్లలు నర్సింగ్ చదవాలనే నేనంటాను. అప్పుల పాలై మధ్యలో వచ్చేస్తే ఆ నర్సు కూడా మనకు మిగలదు.

చెల్లి ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. "నువ్వు చదువుకున్నావు, నాకు మాత్రం అడ్డం పడుతున్నావు" అంది. ఊళ్లో కూడా ఇద్దరు ముగ్గురు అదే అన్నారట. నా లెక్కలో తప్పుంటే ఇక్కడ చెప్పండి, దిద్దుకుంటాను. ముఖ్యంగా నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో ఉన్న అక్కలు మీ మొదటి జీతం ఎంతో, అప్పు ఎంత ఉండిందో, అది ఎప్పుడు తీరిందో రాయండి. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు అవన్నీ చెల్లికి చదివి వినిపిస్తాను.