పారాసెయిలింగ్, ట్యూబ్ రైడ్: తాడు ఎందుకు తెగుతుంది? బోటు ఎక్కే ముందు చూడాల్సింది ఎక్కడ?

2021 నవంబర్.. దీవ్‌లోని నాగోవా బీచ్. పారాసెయిలింగ్‌కి వెళ్లిన గుజరాత్ దంపతులు గాల్లో ఉన్నారు. కింద పవర్ బోట్ లాగుతోంది. బోటులో ఉన్న బంధువు ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఒక్కసారిగా తాడు పుటుక్కున తెగింది. పారాచూట్ ఇద్దరినీ మోసుకుంటూ దూరంగా కొట్టుకుపోయింది. లైఫ్ జాకెట్లు వేసుకుని ఉండటంతో సముద్రంలో పడినా ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ వీడియో దేశమంతా వైరల్ అయింది. తాడు అరిగిపోయినట్టు ఉందని ముందే చెప్పినా సిబ్బంది పట్టించుకోలేదని కుటుంబం ఆరోపించింది. గాలి ఎక్కువగా ఉండటమే కారణమని నిర్వాహకులు చెప్పారు. రెండు రోజులు చర్చ నడిచింది. తర్వాత అంతా మర్చిపోయారు. కానీ అసలు ప్రశ్న అలాగే మిగిలిపోయింది. ఆ తాడు ఎన్నాళ్ల నాటిది? ఎన్ని రైడ్లు లాగింది? దాన్ని ఎక్కడ, ఎలా కట్టారు?

గోవా ట్రిప్ అంటే వాటర్ స్పోర్ట్స్ ప్యాకేజీ ఉండాల్సిందే. మన విశాఖ రుషికొండలోనూ స్పీడ్ బోట్లు, జెట్‌స్కీల దగ్గర సెలవు రోజుల్లో రద్దీ ఉంటుంది. బనానా బోట్ అయినా, ట్యూబ్ రైడ్ అయినా, పారాసెయిలింగ్ అయినా అన్నింట్లో ఉండేది ఒకటే. ముందు బోటు, వెనుక మనిషి, మధ్యలో ఒక తాడు. రైడ్ ఎంత సేఫ్ అనేది చాలావరకు ఆ తాడు రెండు చివర్ల దగ్గరే తేలిపోతుంది.

తాడు మీద పడే బరువు ఎంత?

మనిషి బరువు 70 కిలోలు కదా, 100 కిలోలు ఆపే తాడు చాలు కదా.. అనుకుంటే పొరపాటే. బోటు లాగేది మనిషి బరువును మాత్రమే కాదు, నీటి నిరోధాన్ని కూడా. వేగం రెండింతలైతే ఆ నిరోధం దాదాపు నాలుగింతలు అవుతుంది. పైగా ట్యూబ్ ముక్కు అలలోకి దూరినా, వదులుగా ఉన్న తాడు ఒక్కసారిగా బిగుసుకున్నా ఆ క్షణంలో పడే కుదుపు మామూలు లాగుడు కంటే చాలా ఎక్కువ.

అందుకే అమెరికాలోని వాటర్ స్పోర్ట్స్ ఇండస్ట్రీ అసోసియేషన్ ట్యూబ్ రైడ్ తాళ్లకు లెక్కలు పెట్టింది. ఒక్కరిని లాగే తాడుకు కనీసం 1,500 పౌండ్ల బలం ఉండాలి. అంటే దాదాపు 680 కిలోలు. ఇద్దరికైతే 2,375 పౌండ్లు, ముగ్గురికి 3,350, నలుగురికి 4,100. కిలోల్లో చెప్పాలంటే నలుగురి ట్యూబ్‌కు దాదాపు 1,860 కిలోల బలమున్న తాడు కావాలి. పొడవు 50 అడుగులకు తగ్గకూడదు, 65 అడుగులు దాటకూడదు. మరీ పొట్టిదైతే ట్యూబ్ బోటుకు దగ్గరగా వచ్చేస్తుంది. మరీ పొడవైతే మలుపుల్లో ట్యూబ్ అదుపు తప్పి పక్కకు ఊగిపోతుంది.

ఇక్కడే తేడా వస్తుంది. ఇద్దరి కోసం కొన్న తాడుతో నలుగురిని లాగితే మొదటి రోజు ఏమీ కాకపోవచ్చు. పదో రోజు కూడా ఏమీ కాకపోవచ్చు. కానీ ప్రతి రైడ్‌కూ లోపల కొన్ని పోగులు తెగుతూనే ఉంటాయి.

ఎక్కడ కట్టాలి? ఎక్కడ కట్టకూడదు?

తాడు ఎంత గట్టిదైనా కట్టిన చోటు గట్టిగా లేకపోతే లాభం లేదు. ఈ విషయం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగిపోయింది. దాన్ని బయటకు తీసేందుకు ధర్మాడి సత్యం బృందం చేసిన ప్రయత్నాలను అందరూ టీవీల్లో లైవ్‌గా చూశారు. మొదట్లో ఇనుప రోప్ తెగిపోయింది. మరోసారి లంగరు బోటుకు తగిలిందని సంబరపడితే రెయిలింగ్ మాత్రమే ఊడి వచ్చింది. చివరికి విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి అడుగుకు వెళ్లి రోప్ బిగించాక, అక్టోబర్ 22న బోటు ఒడ్డుకు చేరింది.

అది నదీగర్భం నుంచి బోటును లాగడం. ఇది సరదా రైడ్. బరువుల్లో పోలికే లేదు. కానీ సూత్రం ఒకటే. రెయిలింగ్ అనేది మనిషి పట్టుకోవడానికి పెట్టింది, లాగడానికి కాదు. సీటు కాలుకు, నిచ్చెనకు, పక్కన ఉండే చిన్న కొక్కేనికి కట్టినా అదే జరుగుతుంది. లోడ్ పడగానే స్క్రూలతో సహా ఊడి వస్తుంది. అప్పుడు ఆ ఇనుప ముక్క కూడా తాడుతో పాటే ఎగిరి వస్తుంది.

లాగడానికి సరైన చోట్లు కొన్నే ఉంటాయి. బోటు వెనుక గోడకు లోపలి నుంచి ప్లేటు వేసి, బోల్టులతో బిగించిన స్టీల్ రింగులు. లేదా లాగడానికే తయారుచేసి బిగించిన స్తంభం. వెనుక మధ్యలో ఇంజిన్ ఉంటే తాడును ఒక పక్క రింగుకే కట్టడం మంచిది కాదు. బోటు ఆ పక్కకే లాగేస్తుంది, తాడు ఇంజిన్‌కు రాసుకుంటుంది. రెండు పక్కల రింగులకూ చెరో కొస తగిలించి, ఇంజిన్ వెనుక ఒకచోట కలిపే ‘వై’ ఆకారపు తాడు వాడాలి. దానికి చిన్న తేలుడు బుడ్డి ఉంటే తాడు మునిగి ప్రొపెల్లర్ వైపు పోదు.

కొన్ని బోట్ల మీద ఎత్తైన టవర్ కనిపిస్తుంది. అది వేక్‌బోర్డ్ మీద నిలబడే ఒక్క మనిషిని లాగడానికి. నలుగురు కూర్చున్న ట్యూబ్‌ను దానికి కట్టొద్దని చాలా టవర్ల తయారీదారులే చెబుతారు. అంత ఎత్తు నుంచి అంత బరువు లాగితే టవర్ విరగొచ్చు, బోటు ఒరిగిపోవచ్చు.

ముడి వేస్తే బలం పోతుంది

ఇది చాలామందికి తెలియని విషయం. ముడి దగ్గర తాడు గట్టిగా వంగుతుంది. ఆ వంపులో బయటి పోగుల మీదే లోడ్ మొత్తం పడుతుంది. ముడి రకాన్ని బట్టి తాడు బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గిపోవచ్చు. ఒకసారి తెగిన తాడును మధ్యలో ముడి వేసి వాడితే మిగిలేది సగం తాడే. అందుకే మంచి టో రోప్‌కు కొసల్లో ముడి ఉండదు. తాడును తిరిగి తనలోకే అల్లి కుట్టిన కన్ను ఉంటుంది.

పారాసెయిలింగ్‌లో పైన జీను కడ్డీ దగ్గర చాలాచోట్ల ముడే వేస్తారు. రోజంతా ఉప్పునీరు, ఎండ, ఇసుక, రాపిడి. ఎక్కువ దెబ్బ తినేది ఆ కొసే. కొన్నాళ్లకోసారి ఆ కొసను కత్తిరించి కొత్తగా కట్టడం మంచి పద్ధతి. ఆ పని చేయాలంటే కాసేపు బోటు ఆపాలి. సీజన్‌లో బయట క్యూ ఉంటుంది, ఆపితే ఆ కాసేపటి ఆదాయం పోతుంది. ‘ఈ రోజు ఒక్కరోజు లాగిద్దాం’ అనే మాట ఇక్కడే పుడుతుంది.

తెగినప్పుడు ప్రమాదం వెనుక ఉన్నవాళ్లకే కాదు. నైలాన్ లాంటి సాగే తాడు తెగితే రబ్బరులా వెనక్కి కొడుతుంది. బోటులో ఆ తాడుకు ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖానికి తగలొచ్చు. ఫోన్ పట్టుకుని వీడియో తీసేవాళ్లు సరిగ్గా అక్కడే నిలబడతారు!

ఇంజిన్ ఆగాకే తాడు

ఇంకో ప్రమాదం ప్రొపెల్లర్. మనుషులు నీళ్లలోంచి బోటు వెనక్కి వచ్చేటప్పుడు గానీ, తాడు విప్పేటప్పుడు గానీ ఇంజిన్ పూర్తిగా ఆగి ఉండాలి. న్యూట్రల్‌లో ఉంటే చాలదు. తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే దాన్ని పట్టుకున్న చేతిని కూడా లాగేస్తుంది. బయల్దేరేటప్పుడు ముందు నెమ్మదిగా కదిలి, తాడులో వదులు పోయాక వేగం పెంచాలి. డ్రైవర్ ముందుకు చూస్తాడు. వెనుక రైడర్లనే చూస్తూ ఉండేందుకు బోటులో మరో మనిషి కచ్చితంగా ఉండాలి.

గాలి మారితే ఏ తాడూ ఆగదు

అన్నీ సరిగ్గా ఉన్నా గాలి లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పే ఘటన 2022 మే 30న అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగింది. ఒక మహిళ, ఇద్దరు పిల్లలు పారాసెయిలింగ్‌లో ఉండగా ఒక్కసారిగా ఈదురుగాలి వచ్చింది. పారాచూట్ గాలికి నిండిపోయి బోటునే లాగడం మొదలుపెట్టింది. కెప్టెన్ తాడు కోసేశాడు. ముగ్గురూ నీటి మీద ఈడ్చుకుపోయి పాత వంతెనకు తగిలారు. మహిళ చనిపోయింది. కెప్టెన్‌పై క్రిమినల్ కేసు నమోదైంది.

ఫ్లోరిడాలో దీనికి 2014 నుంచే చట్టం ఉంది. గంటకు 20 మైళ్లు, అంటే దాదాపు 32 కిలోమీటర్ల వేగం దాటి గాలి వీస్తుంటే పారాసెయిలింగ్ చేయకూడదు. 7 మైళ్ల లోపు పిడుగులు పడుతున్నా ఆపేయాలి. అదే ఏడాది అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి ఇచ్చిన ప్రత్యేక నివేదిక కూడా బలమైన గాలులు, అరిగిన పరికరాలు, బలహీనమైన తాళ్ల గురించే హెచ్చరించింది. చట్టం ఉన్నచోటే ఇలా జరిగిందంటే, ఆపాలన్న నిర్ణయం ఎంత ముందుగా తీసుకోవాలో అర్థమవుతుంది.

మన రూల్స్ ఎక్కడ ఆగుతున్నాయి?

మన దగ్గర రూల్స్ లేవని కాదు. నదులు, జలాశయాల్లో తిరిగే బోట్లకు 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం-2021 వచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే దాని పరిధిలో ఉన్నాయి. గోవాలో కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ విభాగం, పర్యాటక శాఖ ఉన్నాయి. కేంద్ర పర్యాటక శాఖ కింద గోవాలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. పవర్ బోట్ నడిపేవాళ్లకు, లైఫ్‌గార్డులకు అది శిక్షణ ఇస్తుంది.

కానీ ఈ కాగితాలు ప్రధానంగా బోటు గురించి, నడిపే మనిషి గురించి. తాడు రోజూ అరిగే వస్తువు. ఎప్పుడో ఇచ్చిన సర్టిఫికెట్ ఈ రోజు ఉదయం తాడు ఎలా ఉందో చెప్పదు. దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ప్రతి తాడుకు వాడకం మొదలైన తేదీతో ఒక ట్యాగ్. ఎన్ని రైడ్లు లాగింది, ఎప్పుడు చెక్ చేశారు, ఎప్పుడు మార్చారు అని రాసే ఒక పుస్తకం. తనిఖీకి వచ్చిన అధికారి లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినట్టే ఆ పుస్తకం కూడా చూస్తే చాలు. ప్రమాదం జరిగాక ‘గాలి వల్ల’, ‘తాడు వల్ల’ అనే వాదనకు కూడా అప్పుడు ఆధారం ఉంటుంది.

టికెట్ కొనే ముందు ఇవి చూడండి

- తాడు మీద పీచులు లేచాయా, రంగు వెలిసి గట్టిపడిందా? మధ్యలో ముడి కనిపిస్తే ఎక్కొద్దు.
- తాడును బోటుకు ఎక్కడ కట్టారు? రెయిలింగ్‌కో, సీటుకో కడితే వద్దని చెప్పండి.
- ఇద్దరి ట్యూబ్ మీద ముగ్గురిని ఎక్కిస్తున్నారా?
- డ్రైవర్ కాకుండా వెనక్కి చూసే మనిషి ఉన్నాడా?
- లైఫ్ జాకెట్ సైజు సరిపోయిందా? బకిల్స్ అన్నీ పెట్టారా?
- పారాసెయిలింగ్ అయితే మబ్బు, గాలి చూడండి. ఒడ్డున జెండాలు బిగుసుకుని కొట్టుకుంటుంటే మరో రోజు వెళ్లండి.
- తాడు చేతికి, కాలికి చుట్టుకోవద్దు. పిల్లలకు ముందే చెప్పండి.
- వీడియో తీసేవాళ్లు తాడుకు నేరుగా ఎదురుగా కాకుండా పక్కకు కూర్చోండి.

‘ఏం కాదు సార్, రోజూ వంద మందిని తిప్పుతున్నాం’ అనే సమాధానం వస్తే ఒక్క ప్రశ్న వేయండి. ఆ వంద మందినీ తిప్పింది ఈ తాడేనా? అయితే దాన్ని ఎప్పుడు మార్చారు? సమాధానం సూటిగా రాకపోతే టికెట్ కొనకుండా వెనక్కి రావచ్చు.