నార్మల్ ఎవరి నెత్తురు?

మానుకోట మిర్చి కల్లంల తుమ్ములు, భూపాలపల్లి బొగ్గుదుమ్ముల దగ్గు, జనగామ పత్తిచేలల్ల దద్దుర్లు. అన్నిటికీ ఒకటే పేరు పెడుతున్నరు: ఎలర్జీ. పట్నం ల్యాబుకు రాస్తే రిపోర్టుల ఐజీఈ వెయ్యి దాటి ఉంటది. పక్కన 'నార్మల్' అని సుమారు వంద అచ్చేసి ఉంటది. ఆ నార్మల్ ఎవరిది?

ఐజీఈ నెత్తురులో తయారయ్యే ఒక యాంటీబాడీ. 1966-67లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిచ్ కనిపెట్టారు. ఎలర్జీ ఉంటే పెరుగుతది, నిజమే. కడుపుల నట్టలున్నా పెరుగుతది, అదీ ఎన్నో ఇంతలు. కాళ్లకు చెప్పులు, ఇంట్ల మరుగుదొడ్డి, మంచినీళ్లు ఉన్నోళ్ల నెత్తురు చూసి గీసిన గీత అది. దానితో బురదల నాటేసే కైకిలి మనిషిని కొలిస్తే, వాడంతా ఎలర్జీ రోగులే అని తేలుతది!

కొంకిపురుగు ఎక్కువగా మలం కలిసిన తడిమట్టి నుంచి ఒట్టికాలి చర్మంలోకి దూరుతది. పేగును కరుచుకొని నెత్తురు తాగుతది. ఊరి మురికి ఎటు పారుతది? వాడ దిక్కే కదా. ఈ లెక్కలో కులం కూడా ఉంది. రిపోర్టుల దానికి గడి లేదు, అంతే.

ఇది మాటల పంచాయితీ కాదు, ప్రాణాల సంగతి. దమ్ము లేస్తే స్టిరాయిడ్ సూది పొడుస్తున్నరు. ఒంట్ల స్ట్రాంగిలాయిడిస్ అనే నట్ట ఉంటే, ఆ మందుతో అది విపరీతంగా పెరిగి మనిషినే తింటది. బోదకాలు పురుగు వల్ల కూడా రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు వస్తయి, ఐజీఈ వేలల్లకు పోతది. అది డీఈసీ గోలీలకు తగ్గే జబ్బు. ఆస్తమా అనుకుంటే ఏండ్లు గడుస్తయి.

నట్టలుంటే ఎలర్జీ రాదని చెప్పే పెద్దలూ ఉన్నరు. గబాన్ దేశంలో ఒక రకం పురుగులున్న పిల్లలకు దుమ్ము ఎలర్జీ తక్కువని 2000లో రాశారు. అయితే ఏలికపాములున్న పిల్లల్లో దమ్ము ఎక్కువని వేరే లెక్కలు తేల్చినయి. అయినా నెత్తురు లేక తూలే ఆడమనిషికి ఈ సిద్ధాంతం ఏం పెడతది? అంత మంచివైతే నట్టలను వాళ్లే పెంచుకోవాలె.

2015 నుంచి నులిపురుగుల దినం నాడు 1 నుంచి 19 ఏండ్ల పిల్లలకు ఆల్బెండజోల్ మింగిస్తున్నరు. మంచిదే. నాటేసే తల్లికి మాత్రం ఆనాడు గోలి లేదు. దొడ్డికి నీళ్లు రాకుంటే, మింగిన పిల్లకు కూడా నట్టలు మళ్ల వస్తయి.

అక్కలారా, అన్నలారా! పీల్చే మందు వాడేటోళ్లు ఆపొద్దు. ఎలర్జీ అని స్టిరాయిడ్ రాస్తే మాత్రం ముందు మలపరీక్ష చేయించమని అడగండి. ఒక్కసారికి దొరకకపోతే మళ్ల చేయించమనండి. ఈ మూడు జిల్లాల ప్రతి సర్కారు దవాఖానల ఆ పరీక్ష ఉండాలె, నాటుకు ముందే కైకిలి ఆడోళ్లకు గోలీలు అందాలె. గ్రామసభల పెట్టాల్సిన మొదటి కాగితం ఇదే.