బొమ్మల చదువుకు విదేశీ విద్యానిధి అందేనా?

సూర్యాపేట: ఇంజనీరింగు చదువుకు అమెరికా వెళ్లే పిల్లలు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు కొత్తేమీ కాదు. కాని చిత్రకళలో, శిల్పకళలో పై చదువుకు విదేశం పోదలచిన పేద విద్యార్థికి డబ్బు పుట్టే దారి మాత్రం ఇరుకుగానే వున్నది.

అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. బీసీలకు జ్యోతిబా ఫూలే పేర మరో నిధి వున్నది. అయితే అంబేద్కర్ నిధి నిబంధనలు ఇంజనీరింగు, మేనేజిమెంటు, సైన్సు, వ్యవసాయం, వైద్యం, సాంఘిక, మానవీయ శాస్త్రాల డిగ్రీలను పేర్కొన్నాయి. లలితకళల పేరు విడిగా లేదు. పైగా డిగ్రీ మార్కులు, జీఆర్ఈ వంటి పరీక్షలు లెక్కకు వస్తాయి. కళాశాలలు ముఖ్యంగా చూసేది గీసిన బొమ్మలను. చిక్కు ఇక్కడే వున్నది.

బ్యాంకు అప్పు ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. కౌలు రైతు ఇంట హామీకి ఏముంటుంది?

దారులు బొత్తిగా లేకపోలేదు. గుడివాడకు చెందిన ఎస్.వి. రామారావు 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్పుతో లండన్‌లోని స్లేడ్ కళాశాలకు వెళ్లారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు. నేడు ఇన్‌లాక్స్ శివదాసాని ఫౌండేషన్ కళావిద్యార్థులకు కూడా సాయపడుతున్నది. 1892లో ఏర్పడిన జె.ఎన్. టాటా ఎండోమెంటు ఏ శాఖ వారికైనా ఇస్తుంది గాని, అది తిరిగి తీర్చవలసిన అప్పు.

ఇలాంటివి పోటీలో నెగ్గిన కొద్దిమందికే దక్కుతాయి. విద్యానిధి నిబంధనల్లో లలితకళల పేరు చేర్చి, మార్కులతోపాటు బొమ్మలను కూడా చూస్తే పల్లె కళాకారునికి న్యాయం జరుగుతుంది.