బూజు వదిలించడానికీ ఒక చదువు

పండుగకు ముందు ఇల్లు బూజు దులపడం మన ఇళ్ళలో ఏటా జరిగే పని. పొడవాటి కర్రకు చీపురు కట్టి, తలకు గుడ్డ చుట్టుకొని, కప్పు మూలల్లోని సాలెగూళ్ళను లాగివేస్తే ఆ పని ముగుస్తుంది. అయితే మన భాష ఈ సాలెగూటికీ, చెమ్మ పట్టిన గోడమీద నల్లగానో పచ్చగానో లేచే పొరకూ బూజు అనే ఒక్క పేరే పెట్టినది. పేరు ఒకటే అయినా వస్తువులు వేరు. మొదటిది సాలీడు అల్లిన దారం. రెండవది ప్రాణమున్న శిలీంధ్రం. మొదటిదానిని దులపవచ్చును, రెండవదానిని దులపనే కూడదు. చీపురు తగిలిన మరుక్షణం దాని సిద్ధబీజాలు లెక్కకు మిక్కిలిగా గాలిలోకి లేచి, ఆ గది నుండి పక్క గదికీ, ఇంటిల్లిపాది ఊపిరితిత్తులకూ చేరుతాయి.

ఈ రెండవ రకం బూజును తొలగించడం అమెరికాలో ఒక ప్రత్యేక వృత్తిగా స్థిరపడినది. దానికి శిక్షణ ఉన్నది, పరీక్ష ఉన్నది, పట్టా ఉన్నది. కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వ లైసెన్సు కూడా తప్పనిసరి. గోడ తుడవడానికి లైసెన్సు ఎందుకని మనకు నవ్వు రావచ్చును. కాని ఆ నియమాల వెనుకనున్న కారణాలు నవ్వి వదిలివేయదగినవి కావు.

అక్కడి ఇళ్ళు చాలావరకు కొయ్య చట్రాలమీద నిలిచేవి. ఆ చట్రాలకు లోపలివైపున జిప్సమ్ పలకలు బిగిస్తారు. ఆ పలకలకు ఇరువైపులా దళసరి కాగితం అంటించి ఉంటుంది. బూజు బ్రతకడానికి బీజం, ఆహారం, తగిన వెచ్చదనం, నీరు అనే నాలుగు కావలెను. బీజాలు గాలిలో ఎప్పుడూ ఉండేవే. కొయ్య, కాగితం దానికి ఆహారం. వెచ్చదనం మనుషులకోసం మనమే సమకూరుస్తాము. ఇక మిగిలినది నీరు. గోడలో ఒక గొట్టం కారినా, కప్పు నుండి వాన చుక్కలు దిగినా, ఆ తడి 24 నుండి 48 గంటలలోపల ఆరకపోతే బూజు మొలకెత్తుతుంది. 1970వ దశకంలో చమురు ధరలు పెరిగిన తరువాత, వేడిమి వృథా కాకుండా ఇళ్ళను గాలి చొరబడని విధంగా బిగించడం మొదలయినది. ఇంధనం ఆదా అయినది గాని, లోపలి తేమకు బయటికి పోయే దారి తగ్గినది.

1993లో న్యూయార్క్ నగర ఆరోగ్యశాఖ ఒక జాతి నల్లబూజును తొలగించే పద్ధతిపై మార్గదర్శకాలు వెలువరించినది. 2000లో వాటిని అన్ని రకాల బూజులకూ విస్తరించారు. 2001లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పాఠశాలలు, వాణిజ్య భవనాల కోసం ఒక మార్గదర్శిని ప్రచురించినది. అదే సంవత్సరం టెక్సాస్ రాష్ట్రంలో, బూజు పట్టిన ఇంటి విషయంలో బీమా సంస్థ సరిగా వ్యవహరించలేదన్న దావాలో జ్యూరీ సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్ల పరిహారం విధించినది. పై న్యాయస్థానం తరువాత దానిని సుమారు 40 లక్షల డాలర్లకు తగ్గించినా, వార్త అప్పటికే దేశమంతటా వ్యాపించినది. బూజు పేరిట బీమా దావాలు వెల్లువెత్తాయి. వాటి వెంటనే, నిన్నటిదాకా తివాచీలు ఉతికినవారూ, రంగులు వేసినవారూ బూజు నిపుణులమంటూ బోర్డులు తగిలించారు. ఎవరు నిపుణుడో, ఎవరు కాదో గృహస్థుకు తెలిసే మార్గం లేకపోయినది.

ఈ గందరగోళానికి రెండు వైపుల నుండి జవాబు వచ్చినది. 1972లో తివాచీలు, పరుపు కుర్చీలు శుభ్రపరిచేవారి కోసం ఏర్పడి, క్రమంగా విస్తరించిన ఐ.ఐ.సి.ఆర్.సి. అనే లాభాపేక్ష లేని సంస్థ, 2003లో ఎస్-520 అనే ప్రమాణ గ్రంథాన్ని వెలువరించినది. అదే ఏడాది టెక్సాస్ శాసనసభ లైసెన్సు చట్టం చేసినది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇటువంటి చట్టమే 2016 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది.

ఇంతకూ ఈ చదువులో నేర్పేది ఏమిటి? మొదటి పాఠం నీటిని గూర్చినది. ఐ.ఐ.సి.ఆర్.సి. పద్ధతిలో నీటి నష్టాన్ని సరిదిద్దే పరీక్షలో నెగ్గినవారికే బూజు తొలగించే పట్టా దక్కుతుంది. కారుతున్న గొట్టాన్ని బాగుచేయకుండా గోడను తుడిచేవాడు రోగం వదిలి చెమట తుడిచే వైద్యునివంటివాడు. రెండవ పాఠం అడ్డుకట్ట. బూజు పట్టిన చోటును పాలిథిన్ తెరలతో మూసి, లోపలి గాలి పీడనం వెలుపలికంటె తక్కువగా ఉండేటట్లు యంత్రం అమర్చుతారు. అందువల్ల గాలి లోపలికి వస్తుందే గాని, బీజాలను మోసుకొని బయటికి పోదు. ఆ యంత్రంలోని హెపా వడపోత, 0.3 మైక్రాన్ల కణాలలో 99.97 శాతాన్ని పట్టి ఆపుతుంది. మూడవ పాఠం, చంపడం వేరు, తొలగించడం వేరు అన్నది. బ్లీచింగు ద్రవం చల్లితే బూజు చావవచ్చును. కాని చచ్చిన బూజు సైతం కొందరిలో అలర్జీని రేపుతుంది. కనుక పట్టిన పలకను కోసి, సంచిలో మూటగట్టి, బయటికి పంపవలసినదే.

చట్టం నేర్పే పాఠం ఇంకొకటి ఉన్నది. అది శాస్త్రానికి కాక మానవ స్వభావానికి సంబంధించినది. టెక్సాస్‌లోను, న్యూయార్క్‌లోను ఒక ఇంటిని పరీక్షించి బూజు ఉన్నదని చెప్పినవాడే ఆ ఇంటి బూజు తొలగించే పనిని చేపట్టరాదు. పని ముగిసిన తరువాత సరిగా జరిగినదీ లేనిదీ తేల్చవలసినది కూడా పని చేసినవాడు కాదు. రోగ నిర్ణయం చేసేవాడే మందుల దుకాణం నడిపితే ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. టెక్సాస్‌లో పని అనంతరం ఇచ్చే ధ్రువపత్రంలో బూజు పోయినదని మాత్రమే కాదు, దానికి మూలమైన లోపం కూడా సరిచేయబడినదని రాయవలసి ఉంటుంది.

అయినా పట్టా ఉన్నంతమాత్రాన అన్నీ సక్రమమని అనుకోరాదు. టెక్సాస్‌లో గుత్తేదారు 40 గంటలు చదివి పరీక్ష రాయవలెను. తెరల వెనుక చేతులతో పని చేసే కూలీకి నిర్ణయించిన శిక్షణ 4 గంటలు. 2005 ఆగస్టులో కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్ నగరంలో సుమారు 80 శాతాన్ని ముంచివేసినది. ఆ అక్టోబరులో పరిశీలించిన ఇళ్ళలో 46 శాతం ఇళ్ళలో కంటికి కనిపించే బూజు ఉన్నది. వాటిని కూల్చి, ఊడ్చి, మోసినవారిలో లాటిన్ అమెరికా నుండి వచ్చిన వలస కూలీలు ఎందరో. వారిలో చాలామంది తగిన రక్షణ సామగ్రి లేకుండానే పని చేశారు. పట్టాలు గోడలకు వేలాడుతుండగా, ఆ దుమ్మును పీల్చినది పట్టాలు లేనివారు.

భయాన్ని అమ్ముకునేవారు మరొక బెడద. 2004లో అమెరికా వైద్య సంస్థ నియమించిన నిపుణుల సంఘం అప్పటి పరిశోధనలనన్నింటినీ పరిశీలించినది. చెమ్మ ఇళ్ళకూ, దగ్గు, పిల్లికూతలు, ముక్కు గొంతు బాధలు, ఉబ్బసం హెచ్చడం వంటివాటికీ సంబంధమున్నట్లు తగిన సాక్ష్యం కనిపించినది. ప్రచారంలో ఉన్న అనేక ఘోరవ్యాధుల విషయంలో అటువంటి సాక్ష్యం లభించలేదు. బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు ఖరీదైన గాలి పరీక్షలు సాధారణంగా అనవసరమని పర్యావరణ సంస్థ మార్గదర్శినే చెబుతున్నది.

మన సంగతి ఏమిటి? 2021లో కరోనా రోగులను బాధించిన బ్లాక్ ఫంగస్ పేరు విని, గోడమీది నల్లమచ్చను చూసి భయపడినవారున్నారు. ఆ రెండూ ఒకటి కావు. అది మ్యూకరేల్స్ వర్గానికి చెందిన శిలీంధ్రాల వల్ల, రోగనిరోధక శక్తి కుంగినవారికి సోకిన వ్యాధి. మన ఇటుక గోడలు అమెరికా పలకలవలె కుళ్ళిపోవు, కడిగి ఆరబెట్టుకోవచ్చును. కాని దూది పరుపులు, పుస్తకాలు, చెక్క బీరువాల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచినప్పుడు, ఆ 48 గంటల గడువు నీరు తీయకముందే దాటిపోయినది.

మామూలు రోజులలో గోడ చెమ్మ కక్కితే మనం పిలిచేది రంగులు వేసే మేస్త్రీని. అతడు గీకి, లప్పం పెట్టి, రంగు వేసి వెళతాడు. మరుసటి వానాకాలానికి మచ్చ మళ్ళీ అక్కడే లేస్తుంది. తప్పు అతనిది కాదు, మనం అడిగినది రంగే కనుక. ఈసారి పిలిచినప్పుడు మూడు సంగతులు అడిగి చూడండి. నీరు ఎక్కడినుండి వస్తున్నది? గీకేటప్పుడు ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? అతని ముక్కుకు అడ్డం ఏమున్నది? మొదటిదానికి జవాబు దొరికేవరకు రంగు డబ్బా తెరవనక్కరలేదు. మూడవదానికి జవాబు లేకపోతే, ఒక మంచి ఎన్-95 ముసుగు కొని అతని చేతికి ఇవ్వండి. గోడ మీదే అయినా, ఊపిరి అతనిది.