అట్ట మీద లేని పేరు

1851లో న్యూయార్క్‌లో అచ్చయిన ‘ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్’ పాట అట్ట మీద రచయితగా ఇ.పి. క్రిస్టీ పేరు కనిపిస్తుంది. అందులో ఒక్క ముక్కా ఆయనది కాదు. ఆయనొక నాటక బృందానికి యజమాని, అంతే. పదాలు రాసి బాణీ కట్టినవాడు స్టీఫెన్ ఫాస్టర్. కొద్దిపాటి సొమ్ము పుచ్చుకుని పేరు వదులుకున్నాడు. అమ్మకాల మీద రాబడి మాత్రం తనకే వచ్చేది.

మరుసటి ఏడు మే నెలలో ఆయన క్రిస్టీకి ఉత్తరం రాశాడు. ఇలాంటి నాటక బృందాల పాటలంటే పెద్దమనుషులకు చిన్నచూపు కనుక, తన ఇతర గీతాలకు మచ్చ వస్తుందేమోనని పేరు దాచుకున్నాననీ, ఇక ఆ సిగ్గు పడదలచుకోలేదనీ, తన పేరు తనకు ఇమ్మనీ. క్రిస్టీ ఒప్పుకోలేదు. బతికుండగా ఆ అట్ట మీద తన పేరు చూసుకునే యోగం ఫాస్టర్‌కు కలగలేదు.

2026 జూలై 4కి ఆయన పుట్టి 200 ఏళ్లు. అమెరికా స్వాతంత్ర్యానికి సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, మాజీ అధ్యక్షులు జెఫర్సన్, ఆడమ్స్ ఇద్దరూ కన్నుమూసిన రోజున, పిట్స్‌బర్గ్ పక్కన లారెన్స్‌విల్‌లో పుట్టాడు. (పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లకు వెంకన్న గుడి గుర్తుకొస్తుంది. అక్కడివాళ్లకు చాలాకాలం ఫాస్టర్ గుర్తుకొచ్చేవాడు.) సిన్సినాటీలో అన్నగారి స్టీమర్ల కంపెనీలో చిట్టా రాసుకుంటున్న రోజుల్లోనే ‘ఓ సుసానా’ బయటికొచ్చింది. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియాకు బయల్దేరిన జనం దాన్ని వెంట పట్టుకుపోయారు. చేజిక్కించుకున్న ప్రతి ప్రచురణకర్తా అచ్చేసి అమ్ముకున్నాడు. ఫాస్టర్‌కు ముట్టింది 100 డాలర్లు.

తర్వాత ఒప్పందం రాయించుకున్నాడు, ప్రతికి ఇన్ని సెంట్లని. పాటలు రాసే బతకాలని పట్టుబట్టిన తొలి అమెరికన్లలో ఆయనొకడు. కానీ ఊరూరా వేదికల మీద ఎవరు ఎన్నిసార్లు పాడుకున్నా కవికి దమ్మిడీ ఇవ్వక్కర్లేదు, అప్పటి చట్టం అలాంటిది. 1857లో అప్పులు మెడకు చుట్టుకుంటే, అచ్చయిన పాటల మీద ముందుముందు రావలసిన హక్కులన్నీ 1,900 డాలర్ల లోపుకే అమ్మేశాడు. అంత చక్కగా లెక్కలు రాయగలిగిన మనిషి! 1864 జనవరి 13న న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో పోయాడు. వయసు 37. పర్సులో 38 సెంట్లు, ఒక పాటకు మొదలులా ఉన్న చిన్న కాగితం ముక్క.

1941లో రేడియో కంపెనీలకూ పాటల రచయితల సంఘానికీ రుసుము దగ్గర తగువొచ్చింది. సంఘం పాటలేవీ వేయలేక స్టేషన్లు హక్కుల గడువు తీరిన పాటలు వెతుక్కున్నాయి. భార్య జేన్‌ను తలచుకుని ఫాస్టర్ రాశాడని చెప్పుకునే ‘జీనీ విత్ ది లైట్ బ్రౌన్ హెయిర్’ వినివినీ జనం విసిగిపోయారట. ఊరికే దొరుకుతుంది కనుక మోగింది!

ఆయనకు జరిగిన అన్యాయం ఇది. ఆయన చేసిందీ ఒకటుంది. క్రిస్టీ బృందం తెల్లవాళ్లది. కాల్చిన బెండు మసి ముఖాలకు పులుముకుని, నల్లవాళ్ల యాసను వెక్కిరిస్తూ ఆడేవారు. వాళ్ల కోసం ఫాస్టర్ బానిసల గొంతుతో రాశాడు. ఆ గొంతు గలవాళ్ల ఊళ్లు ఆయన చూసింది తక్కువ. 1852లో స్టీమరెక్కి న్యూ ఆర్లియన్స్‌కు వెళ్లొచ్చాడు. ‘ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్’లో వచ్చే సువానీ నదిని భూగోళపటంలో వెతికి పట్టుకున్నాడు. ముందు రాసుకున్న పీ డీ నది చెవికి నచ్చక కొట్టేశాడు. ఆ పాటే 1935లో ఫ్లోరిడా రాష్ట్ర గీతమైంది.

అలాగని తీసిపారేయడం కుదరదు. ‘మై ఓల్డ్ కెంటకీ హోమ్’ చిత్తుప్రతిలో, బానిసత్వాన్ని ఎండగట్టిన ‘అంకుల్ టామ్స్ కేబిన్’ నవల జాడలున్నాయి. అమ్ముడుపోయి ఇల్లు వదలాల్సిన బానిస దుఃఖమది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1855లో, ఇలాంటి పాటలు బానిసల మీద జాలి పుట్టిస్తాయని మెచ్చుకున్నాడు. అదే పాటను 1986లో జపాన్ విద్యార్థులు కెంటకీ శాసనసభలో పాత పదాలతోనే పాడితే, నల్లజాతి సభ్యుడొకరు నొచ్చుకుని తీర్మానం పెట్టారు. పాటలో నల్లవాళ్లను కించపరిచే ఒక మాట మారింది. డగ్లస్ విన్నదీ, ఆ సభ్యుడు విన్నదీ ఒకే పాట. ఇద్దరి చెవులూ సరైనవే అని ఈ పత్రిక నమ్మకం.

పిట్స్‌బర్గ్‌లో 1900లో ఫాస్టర్‌కు కంచు విగ్రహం పెట్టారు. ఆయన చేతిలో పుస్తకం. కాళ్ల దగ్గర చెప్పుల్లేని నల్లజాతి మనిషి బాంజో వాయిస్తుంటాడు, ఆయన రాసుకుంటుంటాడు. ఏళ్ల తరబడి అభ్యంతరాలు వచ్చాక, 2018 ఏప్రిల్‌లో దాన్ని అక్కడి నుంచి తీసేశారు. ఇద్దరినీ కలిపే.