వారానికొక పూట నాన్న



రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి వైపు ఉన్న క్యాంపుల్లో ఏ తెలుగు సంఘానికి వెళ్ళినా ప్రార్థన విన్నపాల్లో ఒకే సంగతి రకరకాలుగా వినబడుతోంది. "మా ఆయనకు బెంగళూరులో పని దొరికింది, వెళ్ళాలా వద్దా అని ప్రార్థించండి." "మా అబ్బాయి హైదరాబాదులో చేరాడు, కోడల్నీ పిల్లల్నీ బందరులో వాళ్ళ అమ్మగారింట్లో ఉంచుదామనుకుంటున్నాం." "వారం వారం వచ్చిపోతానంటున్నాడు, ప్రయాణాల్లో కాపుదల కోసం ప్రార్థించండి." ప్రార్థన చేస్తారు, అందరూ ఆమేన్ అంటారు. మంచిదే. అయితే ఈ ప్రశ్నకు ప్రార్థనతో పాటు కాగితం, పెన్సిలు కూడా అవసరం అని మా అభిప్రాయం.

మన యౌవనస్థుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటి ముందు చెప్పాలి. ఈ క్యాంపులు పుట్టిందే వలసవల్ల. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలాక, ఎడమ కాలువ కింద భూములు చవకగా దొరుకుతున్నాయని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చారు. వరి సాగు తెలిసినవాళ్ళు కాబట్టి మెట్టను మాగాణి చేశారు. వాళ్ళ వెనకే కూలికి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. నాట్లు వేసినవాళ్ళు, కాలువ తవ్వినవాళ్ళు, ఎడ్లు తోలినవాళ్ళు. మన సంఘాల్లో పెద్ద భాగం ఆ కూలి కుటుంబాల బిడ్డలే. జిల్లాలో తెలుగు అంతకుముందూ ఉంది. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా, గద్వాల, అలంపురం కూడా ఇందులోవే. కానీ క్యాంపు తెలుగు మాత్రం కోస్తా నుంచి బండి కట్టుకుని వచ్చిన తెలుగు.

అప్పుడు మన తాతలు వచ్చిన తీరు గమనించండి. భార్యాపిల్లలతో వచ్చారు. తట్టా బుట్టా, కోళ్ళూ మేకలూ, ముసలి తల్లితో సహా వచ్చారు. గుడిసె వేసుకున్నారు. నెలకోసారి బాపట్ల వెళ్ళి ఇంటివాళ్ళను చూసొచ్చే పద్ధతి వాళ్ళకు లేదు, అంత రవాణా కూడా లేదు. కష్టపడ్డారు, కానీ కలిసి కష్టపడ్డారు. ఇప్పుడు మనవలు పోతున్న తీరు వేరు. మనిషి ఒక చోట, ఇల్లు ఒక చోట. ఆ రెంటినీ కలపడానికి రాత్రి రైలు.

ఇలా ఇల్లు ఒకచోట, పని ఒకచోట పెట్టుకోవడం అంతా ఒకే రకం కాదు. బాపట్ల, చీరాల, తెనాలి నుంచి గుంటూరుకీ విజయవాడకీ రోజూ సీజన్ టికెట్ మీద పోయివచ్చే ఉద్యోగులు తరాలుగా ఉన్నారు. సముద్రం గాలి, సొంత ఇల్లు, అమ్మానాన్నలు, పిల్లలకు తెలిసిన వీధి, వీటికోసం రోజుకు నాలుగైదు గంటలు రైల్లో పోగొట్టుకుంటారు. ఇది చిన్న ఖర్చేమీ కాదు. పోనూ రానూ అయిదు గంటలు వేసుకుంటే, నెలకు పాతిక రోజులకు నూట పాతిక గంటలు, అంటే అయిదు పగళ్ళు, అయిదు రాత్రులు పైగా. అయినా ఆ మనిషి రాత్రికి ఇంట్లో ఉంటాడు. బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారుజామున తడిసిన గుడ్డ నుదుటి మీద వేసేది అతనే కావచ్చు. రైల్వేవాళ్ళు సీజన్ టికెట్ మామూలుగా 150 కిలోమీటర్ల లోపే ఇస్తారు. రోజూ పోయిరావడానికి అదే హద్దని వాళ్ళు లెక్కగట్టినట్టున్నారు. కుటుంబానికి కూడా అది పనికొచ్చే హద్దే.

మన జిల్లా ఆ హద్దుకు అవతల ఉంది. రాయచూరు నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. బెంగళూరు దాదాపు దానికి రెట్టింపు. కాబట్టి ఇక్కడివాళ్ళకు రోజువారీ ప్రయాణం అనే మాటే లేదు. ఉన్నది వారం ప్రయాణం, లేదా పండగ ప్రయాణం. దేవదుర్గ, లింగసుగూరు వైపు కన్నడ పల్లెల్లో దీన్ని గుళె పోవడం అంటారు. కాలువ నీళ్ళు అందని ఊళ్ళనుంచి ఎన్నో ఏళ్ళుగా బెంగళూరు కట్టడాల పనులకు పోతూనే ఉన్నారు. కాలువ కింద ఉన్న మన క్యాంపులకు ఆ బాధ లేదనుకునేవాళ్ళం. చివరి భూములకు నీరు అందక, రెండో పంట మీద నమ్మకం తగ్గాక, మనవాళ్ళూ ఆ దారి పట్టారు. 2024 ఆగస్టులో ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మన బతుకు ఎంత సన్నని గొలుసుకు వేలాడుతోందో అందరికీ తెలిసివచ్చింది.

ఇక లెక్క. శనివారం పని ముగించి రాత్రి రైలెక్కిన మేస్త్రీ ఆదివారం పొద్దున దిగుతాడు. ఆ రాత్రికే తిరిగి బండెక్కాలి. ఇంట్లో ఉండేది పన్నెండు గంటలు. నాలుగు వారాలకు నలభై ఎనిమిది, అంటే నెలకు రెండు రోజులు. ఆ పన్నెండు గంటల్లో నిద్రకు, స్నానానికి, అప్పులవాళ్ళతో మాటలకు పోగా మిగిలేది ఎంతో మీరే చూడండి.

మొదటి రాజుల గ్రంథం అయిదో అధ్యాయంలో ఒక వివరం ఉంది. దానిమీద ప్రసంగం మేమైతే ఎప్పుడూ వినలేదు. సొలొమోను దేవాలయం కోసం లెబానోనుకు ముప్పై వేలమందిని వెట్టికి పెట్టాడు. వంతుల ప్రకారం నెలకు పదివేలమంది. ఒక నెల లెబానోనులో పని, రెండు నెలలు ఇంటి దగ్గర. వెట్టి చేయించిన రాజు కూడా మనిషికి మూడింట రెండు వంతుల కాలం ఇల్లు మిగిల్చాడు. అయినా ఆ కాడి బరువని జనం ఆయన కొడుకు రెహబాము ముందు మొరపెట్టుకున్నారు, ఆ వెట్టిపనికి అధికారిగా వచ్చినవాణ్ణి రాళ్ళతో కొట్టి చంపారు. మన బెంగళూరు మేస్త్రీకి మిగిలేది నెలకు రెండు రోజులు, అతను ఎవరికీ మొరపెట్టుకోడు. పైగా సంఘంలో సాక్ష్యం చెబుతాడు.

కొత్తగా పెళ్ళయినవాణ్ణి ఒక ఏడాది పాటు యుద్ధానికి గాని మరే పనికి గాని పంపకుండా ఇంట్లో ఉండనివ్వాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చెబుతుంది. పెళ్ళయిన పదో రోజు కొడుకుని రైలెక్కించే మన ఇళ్ళల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. స్వంత ఇంటివారిని పోషించనివాడి గురించి తిమోతికి పౌలు రాసిన మాట మాత్రం అందరికీ కంఠతా వచ్చు. పోషణ అంటే డబ్బు పంపడమే అని మనం ఎప్పుడు నిర్ణయించుకున్నామో తెలియదు.

పోతున్నవాళ్ళను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. భూమి ఉన్నవాడు ఉండాలా పోవాలా అని ఆలోచిస్తాడు. లేనివాడికి ఆలోచించే అవకాశమే తక్కువ. దళిత క్రైస్తవులకైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాకు అడ్డం నిలబడింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచిన తలుపు మనకు ఇంకా మూసే ఉంది. సర్కారు ఉద్యోగం దూరమైతే మిగిలేది మేస్త్రీ పని, సెక్యూరిటీ పని, డెలివరీ పని, కొందరికి సాఫ్ట్‌వేరు. అవన్నీ పట్నంలోనే ఉన్నాయి.

అందుకని పోక తప్పనివాళ్ళకు మేము చెప్పేది ఒకటే. పోతే కుటుంబంతో పొండి. ఒక్క గది అద్దె ఇల్లయినా సరే. పెళ్ళాన్నీ పిల్లల్నీ బందరులోనో నర్సాపురంలోనో దించి, తాను బెంగళూరులో నలుగురితో గది పంచుకుంటే నెలకు కొంత మిగులుతుంది, నిజమే. కోస్తాలో అమ్మమ్మ ఉంది, బడి తెలుగులో ఉంటుంది, చేపల కూర దొరుకుతుంది, వీటి విలువా తక్కువ కాదు. కానీ నాన్న రావాలంటే బెంగళూరు నుంచి ఒక రాత్రి ప్రయాణం చాలదు. నెలకోసారి అనుకున్నది సంక్రాంతికీ క్రిస్మసుకూ అవుతుంది. మూడేళ్ళ పిల్ల ఫోనులో కనబడేవాడే నాన్న అనుకుంటుంది. తల్లి అత్తింట్లోనూ కాక, తన ఇంట్లోనూ కాక, పుట్టింట్లో వదినల మధ్య ఏళ్ళు గడుపుతుంది. ఆ మిగిలిన డబ్బు లెక్కలో ఆమె పడే మాటలు ఎక్కడ రాస్తాం? అకుల, ప్రిస్కిల్ల రోమా విడిచి కొరింథుకు, అక్కడినుంచి ఎఫెసుకు వెళ్ళారు. డేరాలు కుట్టి బతికారు. లేఖనాల్లో వాళ్ళ పేర్లు వచ్చిన ప్రతిచోటా ఇద్దరివీ కలిసే వస్తాయి.

పెద్ద జీతం వస్తుందని పోవాలనుకుంటున్న చదువుకున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ వేరే మాట. మీ దగ్గర తక్కెడ ఉంది, వాడండి. సింధనూరులోనో రాయచూరులోనో దొరికే జీతాన్ని ఒక పళ్ళెంలో పెట్టండి. రెండో పళ్ళెంలో బెంగళూరు జీతం పెట్టి, అందులోంచి అద్దె, రైలు ఛార్జీలు, ఆఫీసుకు రోజూ పోయే రెండు మూడు గంటలు తీసేయండి. ఊళ్ళో అమ్మానాన్నలను చూసుకోవడానికి పెట్టే మనిషి జీతం కూడా తీసేయండి. అప్పటికీ బెంగళూరే బరువైతే పొండి, మాకేం అభ్యంతరం లేదు. చాలామందికి తేడా అనుకున్నంత ఉండదు.

దగ్గరి ప్రయాణం ఇంటిని నిలబెట్టగలదు అనడానికి మన కళ్ళముందే ఒక ఉదాహరణ ఉంది. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలై ఆడవాళ్ళకు మామూలు సర్కారు బస్సుల్లో టికెట్ తీసేశాక, కూలి ఇళ్ళ ఆడపిల్లలు సింధనూరు కాలేజీకీ రాయచూరు ఆస్పత్రి పనులకూ పోయి సాయంత్రానికి క్యాంపు చేరుతున్నారు. హాస్టలు ఖర్చు లేదు, ఇల్లు వదలనక్కర్లేదు. తెలంగాణ పథకం మాత్రం వేరు. అదే ఏడాది అక్టోబరు 1న జక్లేర్–కృష్ణా లైను ప్రారంభమై కాచిగూడ–రాయచూరు రైలు నడిచింది. 2024లో సింధనూరుకు మొదటిసారి రైలు వచ్చింది. ఈ మార్గం మంజూరై అప్పటికి పాతికేళ్ళు దాటింది. రైళ్ళు రావడం సంతోషమే. కానీ రైలు మనుషుల్ని పట్నానికి తీసుకుపోవడానికేనా, పని ఇక్కడికి రావడానికి కూడానా అనేది అడగాలి. ఎయిమ్స్ రాయచూరుకు కావాలని 2022 మే నుంచి ధర్నాలో కూర్చున్నవాళ్ళు అడుగుతున్నది అదే. ఐఐటీ ధారవాడకు పోయిన చేదు ఈ జిల్లా మరిచిపోలేదు. ఆ డేరాలో మన సంఘాల బ్యానరు ఎన్నిసార్లు కనబడింది?

సంఘ పెద్దలకు ఒక విన్నపం. వారానికి పన్నెండు గంటలు ఇంటికి వచ్చే మనిషిని ఆదివారం పొద్దున ఆరాధనకు, మధ్యాహ్నం కమిటీ మీటింగుకు, సాయంత్రం గృహ కూడికకు పిలవకండి. ఆరాధన అయ్యాక ఇంటికి పంపేయండి. కానుకల లెక్క అతను లేకుండా కూడా తేలుతుంది.

ఇంకొకటి, వెంటనే చేయగలది. రాజ్యాంగం 371జె అధికరణం కింద కల్యాణ కర్ణాటక జిల్లాలవాళ్ళకు చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానిక వాటా ఉంది. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన క్యాంపు బిడ్డకు మాతృభాష తెలుగైనా ఆ హక్కు ఉంటుంది. దానికి అర్హత పత్రం కావాలి. పత్రానికి బడి రికార్డులు, నివాస రుజువులు కావాలి. మన ఇళ్ళల్లో చాలా వాటిలో ఈ కాగితాలు ఒకచోట ఉండవు, పేర్లు ఒకదానిలో ఒకలా ఉంటాయి. డిగ్రీ అయ్యాక, నోటిఫికేషను పడ్డాక పరుగెత్తితే అందవు. యౌవనస్థుల కూడికలో పాటల తర్వాత ఒక అరగంట, కన్నడ బాగా రాయగలవాళ్ళు ఇద్దరు బల్ల వేసుకుని కూర్చుంటే చాలు. పదో తరగతి పిల్లలనుంచి మొదలుపెట్టండి, రేషన్ కార్డు, ఆధార్, బడి సర్టిఫికెట్టు జిరాక్సులు తెచ్చుకోమనండి.